సగం పొట్లాలు

13 ఆగస్టు 2006, ఆదివారం

శుక్రవారం ఉదయం ఆరింటికి ఆస్పత్రికి చేరాను. సుందరవల్లి మేలుకునే ఉంది. ముఖం వాచింది. మూత్రం గురువారమే ఆగిపోయింది. చెన్నై నుంచి తెప్పించిన రెండో మందు కిడ్నీలను దెబ్బతీయవచ్చని డాక్టర్ ప్రేమానందం ముందే చెప్పారు. వేరే దారి లేదని కూడా చెప్పారు.

ఏడింటికి నర్సు సిద్ధమ్మ వచ్చి తడిగుడ్డతో ఒళ్ళు తుడిచింది. జడ వేసింది. సుందరవల్లికి మాట రావడం లేదు. తల మాత్రం అడ్డంగా ఊపింది.

"సూసినారా సార్? ఈ పొద్దు కూడా నా జడ నచ్చలేదు అమ్మగారికి" అని సిద్ధమ్మ విప్పి మళ్ళీ వేసింది.

తొమ్మిదికి జ్వరం నూట మూడు. పదకొండుకు బి.పి. పడిపోయింది. ఒంటిగంటకు రామానుజ తీర్థం తెచ్చాడు. ఆమెకు సొంత తమ్ముడు, నాకు బావమరిది. గ్లాసు నా చేతికిచ్చి బయటికి పోయాడు. నేనే మూడు చుక్కలు పెదాల మీద వేశాను. రెండు బయటికి కారాయి.

నాలుగూ ఇరవైకి పోయింది. ఆ నిమిషంలో నేను కిటికీ దగ్గర ఉన్నాను. కింద ఒక ఆటో డ్రైవరు టైరు మారుస్తున్నాడు. నేను తిరిగేసరికి సిద్ధమ్మ డ్రిప్ ఆపుతోంది.

కారణం కాగితంలో ఇలా రాశారు: రక్తంలో ఈస్ట్, మొదటి మందుకు లొంగని రకం. రొట్టెను పొంగించే ఈస్టుకు దగ్గరి చుట్టం ఇది. ఇరవై ఎనిమిదేళ్ళుగా బోటనీ క్లాసులో బోర్డు మీద దీని బొమ్మ వేస్తున్నాను. ఒక గుండ్రం, దాని భుజం మీద ఇంకో చిన్న గుండ్రం.

కాగితం నింపుతూ డాక్టరు మళ్ళీ అడిగారు. "ఇంతకు ముందు ఫంగస్ మందు ఏదీ వాడలేదు కదా సార్?"

లేదన్నాను.


14 ఆగస్టు

ఇంట్లో రెండు చెంచాలు కనిపించకుండా దాచాను. ఎందుకో తెలియదు.


16 ఆగస్టు, బుధవారం

ఆ ప్రశ్న మొదట అడిగింది ఆగస్టు రెండున. జరిగింది జరిగినట్టు రాసి పెడుతున్నాను.

గాల్ బ్లాడర్ ఆపరేషన్ అయి పన్నెండు రోజులు. లోపల చీము పట్టిందని యాంటీబయాటిక్స్ మీద యాంటీబయాటిక్స్. మెడ పక్కన గొట్టం పెట్టి డ్రిప్ ఎక్కిస్తున్నారు. షుగరు మనిషి. జ్వరం మళ్ళీ మొదలైంది. రక్తపరీక్షలో ఈస్ట్ కనిపించిందని డాక్టరు వచ్చి చెప్పారు. మంచానికి ఆ పక్క రామానుజ, ఈ పక్క నేను.

"ముందెప్పుడైనా ఫ్లూకొనజోల్ లాంటి మందు వాడినారా? నోటిపూతకో, ఆడవాళ్ళ ఇబ్బందికో?"

సుందరవల్లి నా వైపు చూసింది.

లేదన్నాను.

"మంచిది. అయితే దాంతోనే మొదలుపెడదాం. వాడి ఉంటే నేరుగా రెండో మందుకు పోవాల్సి వచ్చేది" అన్నారు. కేసు షీటులో రాసి కింద నా సంతకం తీసుకున్నారు.

ఆ చూపు అర్థం నాకు తెలుసు. చెప్పవద్దని. తమ్ముడు పక్కనే ఉన్నాడు. ముప్పై ఏళ్ళ కాపురంలో ఆ మాత్రం తెలియదా?

తర్వాత బయట చెప్పి ఉండవచ్చు. కానీ డాక్టరు తొందరలో ఉన్నారు. ఇంకో మాటకు వ్యవధి లేదు.

మొదటి మందు ఐదు రోజులు ఎక్కించారు. జ్వరం తగ్గలేదు. ఏడో తేదీ ల్యాబ్ రిపోర్టు వచ్చింది. ఈ ఈస్టుకు ఆ మందు పని చేయదని. ఎనిమిదిన రెండో మందు. పదకొండున అయిపోయింది.


19 ఆగస్టు

రామానుజ రోజూ వస్తున్నాడు. కర్మలకు కావలసినవన్నీ అతనే చూస్తున్నాడు. ఇవాళ చేతిలో ఫిర్యాదు కాగితం ఉంది.

"బావా, ఆపరేషన్ తట్టుకున్న మనిషి అక్క. రక్తంలోకి ఈస్ట్ యాడ నుంచి వచ్చింది? ఆ గొట్టాన్ని ముట్టుకునింది ఎవరు?"

"చాలామంది ముట్టుకుంటారు."

"చాలామంది చేతుల నుంచి శాంపిళ్ళు తీసి చూసినారు. నేను పట్టుబట్టి చూపించినా. వార్డులో పదకొండు మందివి. అక్కకొచ్చిన రకం ఒక్కరి చేతిలోనే ఉండాది. ఆ సిద్ధమ్మ చేతిలో."

సిద్ధమ్మను డ్యూటీకి రావద్దన్నారట. విచారణ అయ్యేదాకా.

"మేనేజ్‌మెంటు ఆయమ్మను కాపాడాలని చూస్తే నేను ఊరుకోను. నువ్వు భర్తవు. ఈడ సంతకం పెట్టు."

పెట్టాను. మూలలో చిన్న సంతకం.


20 ఆగస్టు

నిద్ర లేదు. ఇంకేమీ లేదు.


24 ఆగస్టు, గురువారం

నిన్నటితో పదమూడు రోజులు అయ్యాయి.

నిన్న ఒక సంగతి జరిగింది. తీర్థంలో వేయడానికి పచ్చకర్పూరం కావాలని రామానుజ పూజగది అలమారు వెతికాడు. వెనక ఉన్న చిన్న స్టీలు డబ్బా తీసి మూత తెరిచాడు. తెల్లకాగితం పొట్లాలు. ఒకటి విప్పాడు. తెల్లటి పొడి.

"ఇంత పచ్చకర్పూరం దాచిపెట్టుకునిందే అక్క!" అని తీర్థపు పాత్రలోకి వంచబోయాడు.

చెయ్యి పట్టుకున్నాను. పొడి కొంత నేల మీద పడింది.

"అది కాదు."

"మరేంది?"

"చీమల మందు."

"పూజగదిలో చీమల మందేంది బావా, నీకేమన్నా మతి పోయిందా?" అన్నాడు. అన్నాక, పోయి ఉండవచ్చని తోచినట్టుంది, భుజం మీద చెయ్యి వేశాడు.

ఇవాళ సాయంత్రం శ్రీకరి వచ్చింది. తొంభై ఆరు బ్యాచిలో నా దగ్గర బీయస్సీ చదివింది. ఇప్పుడు సుందరవల్లి రక్తం పరీక్ష చేసిన ల్యాబ్‌లో మైక్రోబయాలజిస్టు. మనిషి మారలేదు. అదే తడబాటు, అదే మొండితనం.

"సార్, అమ్మగారి ఈస్టును పారేయలేదు. ఫ్రిజ్‌లో పెట్టినాను. మిమ్మల్ని అడగకుండా పెట్టినందుకు ఏమీ అనుకోవద్దు."

అంటే అది ఇంకా బతికి ఉంది. సుందరవల్లి లేదు. అది ఉంది.

శ్రీకరి చెప్పినదంతా రాస్తున్నాను.

సిద్ధమ్మ చేతి మీది ఈస్టూ, సుందరవల్లి రక్తంలోదీ ఒకే జాతి. కానీ సిద్ధమ్మ చేతిది మందుకు చస్తుంది. దాన్ని పెంచిన గాజు ప్లేటు మధ్యలో మందు బిళ్ళను పెడితే చుట్టూ వెడల్పుగా ఖాళీ వలయం వచ్చింది. సుందరవల్లిది బిళ్ళ అంచుదాకా పెరిగింది.

"అయితే రెండూ వేరే కదా?" అన్నాను.

"ఆస్పత్రివాళ్ళు అట్లా ఒప్పుకోరు సార్. ఆమె చేతి నుంచే పోయింది, లోపల ఐదు రోజులు మందు తగిలేసరికి మొండిదైంది అంటున్నారు."

"అవుతుందా?"

"మీరు చెప్పిన పాఠమే కదా సార్. మోటారు."

జీన్ ఎప్పుడు పని చేస్తుంది, ఎప్పుడు ఊరుకుంటుంది అని చెప్పడానికి నేను క్లాసులో ఇంటి మోటారును ఉదాహరణగా చెబుతాను. మోటారు ఉంటే చాలదు. దానికి స్విచ్ ఉంది. స్విచ్ మీద ఒక చెయ్యి ఉంది. నీళ్ళు కావాలంటే చెయ్యి స్విచ్ వేస్తుంది. నిండగానే ఆపుతుంది.

ఈ ఈస్టులో కూడా ఒక మోటారు ఉంటుందట. లోపలికి వచ్చిన మందును బయటికి తోడి పారేస్తుంది. మామూలుగా ఆగి ఉంటుంది. మందు తగిలితే చెయ్యి స్విచ్ వేస్తుంది. మందు పోతే ఆపుతుంది. ఐదు రోజుల మందుకు జరిగేది మామూలుగా అంతే. కానీ కొన్నిటిలో ఆ చెయ్యే మారిపోతుంది. స్విచ్‌కు అతుక్కుపోతుంది. మందు ఉన్నా లేకపోయినా మోటారు ఆగదు. దాని పిల్లలకూ అదే చెయ్యి వస్తుంది.

"అది ఐదు రోజుల్లో జరిగేది కాదా?"

"జరగనే జరగదని నేను రాసివ్వలేను సార్. కానీ మామూలుగా నెలలు, ఏళ్ళు పడతాది. కొంచెం కొంచెం మందు, మళ్ళీ మళ్ళీ తగలాల. చచ్చేవి చస్తాయి. చెయ్యి అతుక్కున్నవి మిగులుతాయి. మళ్ళీ మందు, మళ్ళీ అవే మిగులుతాయి. చివరికి అన్నీ అవే."

రేపటి నుంచి పది రోజులు మందు లేని ప్లేట్ల మీద, ఒకదాని నుంచి ఒకదానికి, పెంచుతుందట. పదో రోజు మందు బిళ్ళ పెడుతుంది. ఖాళీ వలయం తిరిగి వస్తే మోటారు ఆగినట్టు. అంటే ఆస్పత్రి మందు వల్ల వచ్చిన మొండితనం. సిద్ధమ్మ చేతి నుంచి వచ్చిందనే మాట నిలబడుతుంది. రాకపోతే, ఆ ఈస్ట్ ఆస్పత్రికి రాకముందే అమ్మగారిలో అట్లాగే ఉందని చెప్పవచ్చు.

"అమ్మగారు ముందు ఏమీ వాడలేదని షీటులో చూసినాను. అందుకే నాకు అర్థం కావడం లేదు సార్. ఏమీ వాడని మనిషిలో ఇట్లాంటిది ఎట్లా వచ్చింది?"

కాఫీ చల్లారిపోతుందని చెప్పాను.


26 ఆగస్టు, శనివారం

ఇది నా డైరీ. ఇందులో కూడా లేదని రాయనవసరం లేదు.

2000 మార్చిలో మొదలైంది. పరీక్ష పేపర్లు దిద్దుతుంటే సుందరవల్లి గదిలోకి వచ్చి తలుపు వేసింది. అప్పటికి షుగరు వచ్చి ఆరేళ్ళు. ఇబ్బంది ఏమిటో చెప్పడానికి పావుగంట పట్టింది. డాక్టర్ చంద్రకాంతమ్మ దగ్గరికి పోదామన్నాను. మా వీధి చివరే ఆవిడ నర్సింగ్ హోం.

"శుక్రవారం మనింటికి తాంబూలానికి వచ్చే మనిషి. ఆవిడ ముందు పడుకుని, రేపు ఏ మొహంతో పసుపు రాసేది?" అంది.

"వేరే డాక్టరు దగ్గరికి పోదాం."

"మీరు చదువుకోలేదా? మీకు తెలియదా?"

తెలుసు. పుస్తకం చూసి మందు పేరు తెలుసుకున్నాను. మా వీధి అంగట్లో అడగలేక రైల్వే స్టేషన్ అవతలికి నడిచాను. క్యాప్సూల్ ఇచ్చాడు. మాత్రగా ఉందా అని అడిగితే "ఎవరికి సార్, మీకా?" అన్నాడు. ఇంక అడగలేదు. ఎప్పుడూ అడగలేదు.

ఆమె క్యాప్సూల్‌ను అరచేతిలో పెట్టుకుని చూసింది.

"ఈ తొడుగు దేనితో చేస్తారు?"

జిలాటిన్ అన్నాను. ఎముకల నుంచి తీస్తారని కూడా అన్నాను. లెక్చరర్ని కదా. అడిగిన ప్రశ్నకు పూర్తి జవాబు.

ఆ క్యాప్సూల్‌ను వాకిట్లోకి విసిరి చెయ్యి కడుక్కుంది. రెండుసార్లు. ఉల్లిపాయ తగలని వంటిల్లు మాది.

తర్వాత నేనే తొడుగు విప్పి, పొడి మాత్రం తేనెలో కలిపి చెంచాతో ఇచ్చాను. చేదు. సగం తిని కక్కబోయింది. చాలన్నాను. మిగిలిన సగాన్ని వారం తర్వాత ఇద్దామని నామానికి పెట్టుకునే తిరుచూర్ణం పొట్లం మడిచినట్టే మడిచి డబ్బాలో పెట్టాను. నాలుగు రోజులకు ఇబ్బంది తగ్గింది. తగ్గాక మందెందుకు అంది. నేనూ సరేనన్నాను.

రెండు మూడు నెలలకోసారి అదే. ఒక తొడుగు, ఒక చెంచా తేనె, సగం పొడి. ఒక్కోసారి రెండో సగం కూడా ఇచ్చాను. ఎక్కువసార్లు ఇవ్వలేదు. చివరి రెండేళ్ళు సగానికి తగ్గేది కాదు. మళ్ళీ ఇంకో సగం. అదీ తగ్గేది కాదు. ఎండలు ఎక్కువగా ఉన్నాయి అనుకునేవాళ్ళం.

తొడుగు గురించి ఆ ఒక్క నిజం చెప్పకుండా ఉంటే, మింగేసేది.


27 ఆగస్టు

అందరి ఇళ్ళలోనూ మందులు సగం సగమే వాడతారు. అందరూ చనిపోవడం లేదు.


29 ఆగస్టు

ఐదో ప్లేటు. శ్రీకరికి ఫోను చేశాను. ఇప్పుడే ఏమీ తెలియదంది.

మందు లేకుండా ఐదు తరాల ప్లేట్లు అంటే చాలా ఎక్కువ. దానికి మోటారు నడపడం దండగ ఖర్చు. ఆపి తీరాలి. పుస్తకంలో అలాగే ఉంది. ఆపుతుంది.


1 సెప్టెంబర్, శుక్రవారం

సోమవారం నుంచి కాలేజీకి పోతున్నాను. ఇవాళ సెకండ్ ఇయర్‌కు జీన్ నియంత్రణ. సిలబస్ ప్రకారం ఇదే వారం. బోర్డు మీద మోటారు వేశాను, స్విచ్ వేశాను, చెయ్యి వేశాను.

ధరణి అనే అమ్మాయి లేచి అడిగింది. "ఆ చెయ్యి స్విచ్ ఆపడం మర్చిపోతే ఏమవుతాది సార్?"

ఏటా ఎవరో ఒకరు అడుగుతారు. ఏటా నేను "కరెంటు బిల్లు మీ నాయనకు వస్తాది" అంటాను. క్లాసు నవ్వుతుంది. ఇవాళ వెనక బెంచీవాళ్ళు ముందే నవ్వడానికి సిద్ధంగా ఉన్నారు. సీనియర్లు చెప్పి ఉంటారు.

సుద్దముక్క కింద పెట్టి స్టాఫ్ రూముకు వచ్చేశాను.


3 సెప్టెంబర్

వలయం రావాలి. వలయం రావాలి.

ఏం కోరుకుంటున్నానో తెలుసు. వలయం వస్తే సిద్ధమ్మ పని పోతుంది. తెలిసే కోరుకుంటున్నాను.


5 సెప్టెంబర్, మంగళవారం

పొద్దున పిల్లలు వచ్చి పెన్ను ఇచ్చి కాళ్ళకు దణ్ణం పెట్టారు. ఉపాధ్యాయ దినోత్సవం.

మధ్యాహ్నం ల్యాబ్‌కు పోయాను. శ్రీకరి ప్లేటును కిటికీ వెలుగుకు పట్టి చూపించింది. మధ్యలో తెల్ల బిళ్ళ. చుట్టూ మీగడ రంగు మచ్చలు. అంచుదాకా. బిళ్ళను ఆనుకుని కూడా.

"మూడు ప్లేట్లలో పెట్టి చూసినాను సార్. ఆగలేదు. మోటారు మారలేదు, చెయ్యి మారింది. ఐదు రోజుల పని కాదిది."

"మరి సిద్ధమ్మ?"

"రిపోర్టు ఇచ్చినాను. మేనేజ్‌మెంటాయన చదివి, 'అమ్మా, నీ ప్లేట్లు ఒకటి చెప్తా ఉంటే భర్త సంతకం ఇంకోటి చెప్తా ఉండాది. నేను దేన్ని నమ్మాల?' అన్నాడు. ముందు ఏ మందూ వాడలేదని షీటులో ఉన్నంతవరకు నా రిపోర్టు నిలబడదు సార్. పదో తేదీ తర్వాత ఆమెను తీసేస్తారంట. సర్టిఫికెట్లో కూడా రాస్తారంట. ఇంక యాడా పని దొరకదు."

ప్లేటును మూత పెట్టి, టేపు వేసి, మీద పేరు రాసి ఉన్న వైపు నాకు కనిపించకుండా తిప్పి పెట్టింది. నేను చూశాను. ఎస్. సుందరవల్లి, 52 సం.

"సార్, ఒక మాట అడగనా? ఏదైనా, ఎప్పుడైనా, ఒక్క మాత్రయినా..."

"లేదమ్మా" అన్నాను.

నాలుగోసారి.


6 సెప్టెంబర్

మూడోసారి ఎవరికి చెప్పానో గుర్తు రావడం లేదు. ఈ డైరీకే అనుకుంటాను.


8 సెప్టెంబర్, శుక్రవారం

సాయంత్రం నాలుగింటికి సిద్ధమ్మ వచ్చింది. గడప దాటలేదు. చేతిలో ప్లాస్టిక్ కవరు. అందులో సుందరవల్లి దువ్వెన, నాలుగు జడపిన్నులు.

"వార్డులో నా అలమార్లో ఉండిపోయినాయి సార్. ఇచ్చి పోదామని వచ్చినా."

"లోపలికి రామ్మా. కూర్చో."

"కూర్చోను సార్. పూతలపట్టు బస్సుకు పోవాల. ఊర్లో రెండు దినాలుండి పలమనేరుకు పోతా. మా అక్కకు ఆవులుండాయి. పేడ తీయను సర్టిఫికెట్ అడగరు కదా."

నవ్వింది. నేను నవ్వలేదు. ఆమె రెండు చేతులూ చాచి చూపించింది. గోళ్ళు మొదలుదాకా కత్తిరించి ఉన్నాయి.

"ఈ చేతుల్ని గాజుపళ్ళేల మీద అద్దించినారు సార్, దొంగల వేలిముద్రలు తీసినట్ల. ఏందో ఉండాదన్నారు. ఉంటాది. ఎవురి చేతుల్లో లేదు? మీరు పెట్టినా వస్తాది."

"నాకు తెలుసు."

"తెలుసని నాకూ తెలుసు సార్."

కవరు నా చేతికి ఇచ్చింది. తర్వాత గొంతు తగ్గించి అంది.

"అమ్మగారు నాకు తేనె సంగతి చెప్పినారు సార్."

వీధిలో ఎవరైనా ఉన్నారేమోనని చూశాను.

"ఎప్పుడు?"

"బుధవారం. రెండో మందు ఎక్కతా ఉండె. అప్పటికింకా మాట ఉండె కదా. ఒళ్ళు తుడస్తా ఉంటే ఆయమ్మే ఎత్తినారు. 'నీకు కనిపిస్తానే ఉంటుంది సిద్ధమ్మా, ఆరేళ్ళుగా ఉంది నాకీ బాధ. మా ఆయన తొడుగు విప్పి తేనెలో కలిపి పెట్టేవారు. చేదంటే సగంతో ఆపేవారు. ఏ మగవాడు చేస్తాడు అంత?' అన్నారు. డాక్టరుకు చెప్పినారా అమ్మా అని అడిగినా. 'తమ్ముడున్నాడని నేను నోరు తెరవలేదు. ఆయన వైపు చూసినాను. ఆయనకు నా చూపు తెలుసు. బయటికి పోయి చెప్పే ఉంటారు. చదువుకున్న మనిషికి నేను చెప్పాలా?' అన్నారు."

కవరు మూతి మడిచాను, విప్పి మళ్ళీ మడిచాను.

"నేను పోయి కేసు షీటు తీసి సూసినా సార్. లేదు అని రాసుండాది. కింద మీ సంతకం. రెండో మందు అప్పటికే ఎక్కతా ఉండాది, ఇంక చెప్పినా మారేదేమీ లేదు. అమ్మగారికి కూడా చెప్పలేదు. చెప్పినారులేమ్మా అనేసినా."

"నిన్ను పనిలోంచి తీసేటప్పుడైనా చెప్పి ఉండవచ్చు కదా?"

"ఎవురికీ చెప్పొద్దని చేతిలో చెయ్యి వేయించుకున్నారు సార్. ఆయమ్మ నా చేత నీళ్ళు తాగినారు. వార్డులో ఇంకెవురి చేతా తాగలేదు."

మెట్టు దిగి మళ్ళీ తిరిగింది.

"అమ్మగారికి నాలుగు పాయల జడంట సార్. నాకు మూడు పాయలే వచ్చు. అందుకే దినామూ విప్పించేది. కడపటి దినం దాకా నాకు రాలేదు."

పోయింది. చెప్పమని అడగలేదు. నిష్ఠూరం ఆడలేదు. ఆడి ఉంటే బాగుండేది.


9 సెప్టెంబర్, శనివారం

ఆగస్టు 16న రాసింది తప్పు. దిద్దుతున్నాను.

డాక్టరు తొందరలో లేరు. వరండా చివర బెంచీ మీద కూర్చుని టీ తాగుతున్నారు. నన్ను చూసి "రండి సార్, టీ" అన్నారు. కూర్చున్నాను. తాగాను. ఆయన కూతురు ఇంటర్ బైపీసీ అట, బోటనీకి ఏ పుస్తకం మంచిదని అడిగారు. రెండు పుస్తకాల పేర్లు చెప్పాను. వాన గురించి మాట్లాడుకున్నాము. పది నిమిషాలు పైనే. రామానుజ మందుల అంగడికి పోయాడు. అడ్డం ఎవరూ లేరు. మొదటి మందు ఇంకా ఎక్కించలేదు. సీసా ట్రేలో మా ముందు నుంచే పోయింది. సీసా మీద పేరు చదివాను.

ఆమె పరువు కోసం చెప్పలేదని ఇన్నాళ్ళూ అనుకున్నాను. ఆమె పరువు తమ్ముడి ముందు మాత్రమే. డాక్టరు ముందు కాదు. బయటికి పోయి చెప్పండి అని చూసింది. నేను చెప్పవద్దని చదువుకున్నాను. అలా చదువుకోవడం నాకు అనుకూలం.

డాక్టరు ఒక మాట అడుగుతారని భయపడ్డాను. "బోటనీ లెక్చరర్ కదా సార్, సగం మందు ఇస్తే ఏమవుతుందో మీకు తెలియదా?" అని.

అంతే. ఆ ఒక్క ప్రశ్న నన్ను ఎవరూ అడగకూడదని.

ఆ తర్వాత ఐదు రోజులు ఆమె చెయ్యి పట్టుకుని కూర్చున్నాను. రోజూ జ్వరం చీటీలో రాసుకున్నాను. నేను చెప్పేశానని నమ్మి, ఆ మందు ఎక్కించుకుంటూ పడుకుంది.


10 సెప్టెంబర్, ఆదివారం

పొద్దున డబ్బా దించి పొట్లాలు లెక్కపెట్టాను. ఇరవై మూడు. నేల మీద పడి చిమ్మేసింది కలిపితే ఇరవై నాలుగు. అన్నీ పరీక్ష పేపర్ల మార్జిన్లు చింపి మడిచినవే. కొన్నిటి మీద ఎర్ర సిరా గీతలున్నాయి. ఒకదాని మీద సగం మార్కు ఉంది.

దాచిన చెంచాలు మళ్ళీ వంటింట్లో పెట్టాను.

శ్రీకరికి ఫోను చేసి రేపు తొమ్మిదికి ఆస్పత్రికి రమ్మన్నాను. ఎందుకని అడగలేదు. "వస్తాను సార్" అని మాత్రం అంది. ఆ పిల్లకు ఎప్పుడో తెలిసి ఉంటుంది.

చెబితే సిద్ధమ్మకు పని తిరిగి ఇస్తారో లేదో తెలియదు. ఇచ్చినా ఆమె వస్తుందో రాదో తెలియదు. సుందరవల్లి మాట పదిమందిలో పడుతుంది. చంద్రకాంతమ్మ దాకా పోతుంది. రామానుజ ఇంక ఈ గడప తొక్కడు. అతనొక్కడే వస్తున్నాడు ఈ ఇంటికి. ఏదీ మారదు. ఫ్రిజ్‌లో ఉన్నది కూడా అలాగే ఉంటుంది. దాని చెయ్యి దాని స్విచ్ మీదే ఉంటుంది.

రేపటికి నెల.

రేపు ఉదయం ఏడింటికి రామానుజ ఇంటికి పోతాను. అతనికి ముందు చెబుతాను. అతను ఏమన్నా నిలబడి వింటాను. ఫిర్యాదు మీద నా సంతకం కొట్టేస్తాను. అక్కడి నుంచి నడిచి, డబ్బా తీసుకుని, తొమ్మిదికి ఆస్పత్రికి పోతాను. డాక్టర్ ప్రేమానందాన్ని, మేనేజ్‌మెంటాయనను, శ్రీకరిని ఒకే గదిలో కూర్చోమంటాను. కేసు షీటు తెప్పించి, లేదు అన్నచోట వాడాము అని రాసి సంతకం చేస్తాను. పెద్ద సంతకం.

ఎన్నేళ్ళని అడుగుతారు. ఆరేళ్ళని చెబుతాను.

ఎంత ఇచ్చేవారని అడుగుతారు. సగం అని చెబుతాను.